నోటి కాన్సర్‌కు పన్నెండో వంతు మందు

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా అలవాటున్న ఊళ్ళలో నోటి కాన్సర్, గొంతు కాన్సర్ కొత్త మాటలు కావు. రోగం ముదిరి, కోతకూ కరెంటుకూ లొంగని దశకు వస్తే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకుంటారు. అలాంటి రోగులకు మరికొంత ఆయుష్షు కలిసొచ్చే దారి ఒకటి ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు చూపించారు.

పగ్గం వదిలించే మందు

ఆ మందు పేరు నివోలుమాబ్. సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. ఇది కాన్సర్‌ను నేరుగా చంపదు. మన ఒంట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉన్నాయి. అవి అదుపు తప్పి సొంత ఒంటినే పొడవకుండా, పొగరుబోతు ఎద్దుకు ఉన్నట్టే వాటికీ ఒక పగ్గం ఉంటుంది. కాన్సర్ గడ్డ ఆ పగ్గాన్ని చేజిక్కించుకుని వాటిని కదలనివ్వదు. ఈ మందు పగ్గం విడిపిస్తుంది. ఆ పగ్గం జాడ 1992లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం కనిపెట్టింది. 2018లో ఆయనకు, అమెరికాకు చెందిన జేమ్స్ అలిసన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కంతా ఖరీదుతోనే

మామూలుగా ఒక్క మోతాదు 240 మిల్లీగ్రాములు. నెలల తరబడి వాడాలంటే ఖర్చు లక్షల్లోకి పోతుంది. పొలం అమ్మినా చాలదు. అందుకే టాటా డాక్టర్లు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. అంటే మోతాదులో పన్నెండో వంతు.

మొత్తం 151 మంది రోగులు. అందరికీ నోటితో వేసుకునే మూడు రకాల మందులు ఇచ్చారు. సుమారు సగం మందికి వాటితోపాటు ఈ చిన్న మోతాదు ఎక్కించారు. ఏడాది తిరిగేసరికి మాత్రలతోనే సరిపెట్టిన వారిలో నూటికి 16 మంది, ఇది కూడా తీసుకున్న వారిలో నూటికి 43 మంది బతికి ఉన్నారని లెక్క తేలింది. ఈ ఫలితాలు 2022లో వెలువడ్డాయి.

ఇది రోగాన్ని పూర్తిగా మాన్పే మందు కాదు. అందరికీ పనిచేయదు. పగ్గం వదిలిన కణాలు ఒక్కోసారి ఊపిరితిత్తులను, పేగులను, థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తాయి. ఎవరికి ఇవ్వాలో కాన్సర్ డాక్టరే నిర్ణయించాలి.

టాటా మెమోరియల్ సెంటరుకు చెందిన హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో ఉంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉంది. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, తెల్లమచ్చ కనిపించినా, నోరు తెరవడం కష్టమైనా పసరు వైద్యంతో కాలం గడపకూడదు. మొదట్లోనే పట్టుకుంటే ఈ ఖరీదైన మందుల దాకా పోవలసిన అవసరమే చాలామందికి రాదు.