కేసు రాయని అధికారిదీ నేరమే

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. పోలవరం ముంపు పేరుతో 2014లో అప్పటి ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని గ్రామాలను ఆంధ్రలో కలపడంతో ఈ గీత పడింది. కూలికి, సంతకు, ఆసుపత్రికి జనం రోజూ దాన్ని దాటుతూనే ఉంటారు. కులం పేరుతో తిట్టారనో, కొట్టారనో దళితులు, ఆదివాసులు ఫిర్యాదుకు వెళ్లినప్పుడు మాత్రం ‘ఇది మా పరిధి కాదు, అటు వెళ్లండి’ అనడానికి ఆ గీత సాకవుతుంది.

చట్టం ముందు ఆ సాకు చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ముందు కేసు నమోదు చేయాలి, పరిధి సంగతి తర్వాత. అట్రాసిటీ కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చెబుతోంది.

అయినా రాయకపోతే? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 4వ సెక్షన్ అందుకే ఉంది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ అధికారి విధులను ఒక్కొక్కటిగా చెప్పింది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. సరైన సెక్షన్ల కింద కేసు పెట్టాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీలకు చెందని అధికారి కావాలని ఈ విధులు విస్మరిస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. శిక్ష శాఖకు కాదు, ఆ మనిషికే.

వెట్టి కూలీల విముక్తి కోసం పనిచేసి, 2005లో పద్మభూషణ్ వద్దన్న ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌కు ఏ సెక్షనూ గుర్తు చేయనక్కర్లేదు. అలాంటి అధికారి దొరకడం అదృష్టం. హక్కు అదృష్టం మీద ఆధారపడకూడదు.

4వ సెక్షన్‌కూ ఒక చిక్కుంది. శాఖాపరమైన విచారణలో సిఫారసు వస్తేనే అధికారిపై కేసు పెడతారు. విచారించేది సాధారణంగా పై అధికారులే. కాబట్టి మన చేతిలో కాగితం ఉండాలి. ఫిర్యాదు రాసివ్వండి, తేదీతో రసీదు అడగండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచుకోండి. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారైనా జరగాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశంలో ఆ అధికారి పేరుతో సహా ప్రశ్న వేయించండి. ‘పోలీసులు పట్టించుకోలేదు’ అంటే ఎవరికీ తగలదు. ఫలానా రోజున ఫలానా అధికారి రాయలేదంటే ఆయనే జవాబు చెప్పాలి.