సెన్సెక్స్ భయం రొయ్యల గుంట దాకా

“సెన్సెక్స్ పడితే మా రొయ్య ఎందుకు పడాల సార్?”

2025 ఏప్రిల్‌లో ముత్తుకూరు వైపు వెనామీ రొయ్య వేసిన రైతు ఒకరు నన్ను అడిగిన ప్రశ్న ఇది. వెంకటాచలంలో స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, గుంటల మీద అప్పులిచ్చిన వాణ్ణి. నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించారు. అమలు 9వ తేదీ నుంచి. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే కాబట్టి అవంతి ఫీడ్స్, కాకినాడలోని ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ షేర్లు భారీగా పడ్డాయి. ఇంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ 7వ తేదీ సోమవారం సెన్సెక్స్ మొత్తంగా 2,226 పాయింట్లు కోల్పోయింది. హాంకాంగ్ సూచీ 13 శాతం దిగింది. కష్టకాలంలో ఆదుకుంటుందని మనం నమ్మే బంగారం కూడా ఆ రోజు తగ్గింది!

దానికి కారణం తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. అప్పు చేసి షేర్లు కొన్నవాళ్లను, ధర పడగానే, బ్రోకర్లు అదనపు మార్జిన్ కట్టమంటారు. అదీ వెంటనే. చేతిలో నగదు లేనివాడు నష్టంలో ఉన్న షేరును వదులుకోలేక, లాభంలో ఉన్న బంగారం అమ్ముతాడు. విదేశీ ఫండ్లు మన షేర్లు అమ్మి వచ్చిన రూపాయలను డాలర్లుగా మార్చుకుపోతాయి, రూపాయి కూడా జారుతుంది. ఒకచోట తగిలిన దెబ్బను ఇంకోచోట అమ్మి పూడ్చుకోవడం వల్ల, సంబంధం లేని సరుకుల ధరలూ కలిసి పడతాయి. సుంకం బంగారాన్ని తాకనే లేదు, అదే నెల 22కల్లా పది గ్రాములు లక్ష రూపాయలకు చేరింది.

ఇక గుంట సంగతి. సుంకం అమల్లోకి రాకముందే కొనుగోలుదారులు ధర తగ్గించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాయవలసి వచ్చింది. నిజానికి రూపాయి బలహీనపడితే ఎగుమతిదారుకు నాలుగు రూపాయలు ఎక్కువే రావాలి. అయినా ధర ఎందుకు దిగింది? రేపు ఏమవుతుందో తెలియని కొనుగోలుదారు ఆ అనుమానాన్ని రైతు మీదకు నెట్టాడు. రైతు ఆగలేడు. మేత ఖర్చు రోజూ ఉంటుంది, వైరస్ భయం రోజూ ఉంటుంది. పక్కవాడు పట్టుబడి చేస్తున్నాడని తెలిస్తే తనూ కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) రాకముందే పట్టేస్తాడు. చిన్న రొయ్య మార్కెట్‌ను ముంచెత్తి ధర ఇంకా దిగుతుంది. షేర్ మార్కెట్లో అమ్మకాల గుంపు ఎలా తయారవుతుందో ఇక్కడా అలాగే. కాకపోతే షేరును దాచుకోవచ్చు, బతికున్న రొయ్యను దాచుకోలేం. నాకు బాధ కలిగించేది ఈ తేడాయే.

ఏప్రిల్ 9న ట్రంప్ 90 రోజుల విరామం ఇచ్చారు, 10 శాతం మాత్రం ఉంచారు. 11న సెన్సెక్స్ 1,310 పాయింట్లు ఎగిరింది. అప్పటికే పట్టి అమ్మేసిన రైతుకు ఆ పెరుగుదలతో పనిలేదు. ఆగస్టు 27 నుంచి భారత్‌పై సుంకం 50 శాతానికి చేరినప్పుడు మళ్లీ అదే భయం. ఆసారి దానికి గట్టి కారణమే ఉండింది.

భయం ఇలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడినప్పుడు సెన్సెక్స్ 749 పాయింట్లు పడింది. అనుమానం ఆయన కుటుంబానిదైన మేటాస్ ఇన్‌ఫ్రాకూ పాకింది. ఆ సంస్థకిచ్చిన హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు ఆ ఏడాది జూలైలో రద్దయింది.

రైతుకు నేనిచ్చిన సలహా ఒక్కటే. గుంట పట్టేముందు కౌంటు చూసుకో, మేత అప్పు ఎంతుందో చూసుకో, టీవీ తర్వాత చూడు. మేత డీలర్ అరువు ఆపేస్తే భయం ఇంట్లోకి వచ్చినట్టే. 2025 ఏప్రిల్ 9నే రిజర్వు బ్యాంకు రెపో రేటును 6 శాతానికి తగ్గించింది. డీలర్ అరువు మీద బతికే రైతుకు ఆ తగ్గింపు అందదు. బ్యాంకు రుణం అతని గుంట దాకా వస్తే తప్ప, ధర తేరుకునే దాకా ఆగే బలం అతనికి రాదు.