చిరుత పిల్లకు పాలసీసా, ఎలుగుతో షికారు.. అడవిలో ఆమ్టే కుటుంబం పెంచిన ‘జంతువుల అనాథాశ్రమం’! చూడ్డానికి వెళ్తే ఇవి గుర్తుంచుకోండి

చిరుతపులి మెడ మీద చేయి వేసి నింపాదిగా కూర్చున్న ఓ పెద్దాయన. ఒంటిమీద బనియన్, నిక్కరు. చేతిలో కర్ర కూడా లేదు. ఇలాంటి ఫొటోలు, వీడియోలు సోషల్ మీడియాలో తరచూ కనిపిస్తుంటాయి. ఆయన పేరు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే. ఊరు హేమల్‌కసా. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు అవతలి అడవుల్లో ఉంటుంది.

వీడియో చూసిన వాళ్లకు వచ్చే మొదటి డౌట్ ఒక్కటే. మనం వెళ్తే మనకూ ఇలా ముట్టుకోనిస్తారా? సమాధానం.. లేదు. ఎందుకో తెలియాలంటే అసలు కథ తెలియాలి.

ఒక కోతిపిల్లతో మొదలు

కుష్ఠు రోగుల కోసం ఆనందవనం స్థాపించిన బాబా ఆమ్టే, 1973 డిసెంబర్ 23న మాడియా గోండుల కోసం హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్‌ను ప్రారంభించారు. ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని ఇద్దరూ డాక్టర్లే. అప్పట్లో కరెంటు లేదు, సరైన రోడ్డూ లేదు. అక్కడే గుడిసె వేసుకుని వైద్యం మొదలుపెట్టారు.

ఓ రోజు అడవి దారిలో వేటగాళ్లు ఎదురయ్యారు. భుజాన కట్టెకు చచ్చిన కోతి వేలాడుతోంది. దాని పిల్ల మాత్రం బతికే ఉంది. తల్లిని వదలకుండా పాల కోసం వెతుక్కుంటోంది. ప్రకాశ్ బియ్యం ఇస్తానని చెప్పి ఆ పిల్లను తీసుకున్నారు. ఇంటికి తెచ్చి బబ్లీ అని పేరు పెట్టారు.

మాడియాలు సరదా కోసం వేటాడరు, ఆకలి తీర్చుకోవడానికే. ఆ సంగతి ప్రకాశ్‌కు తెలుసు. అందుకే వాళ్లను తప్పుపట్టలేదు. ‘పిల్లలను చంపొద్దు, మాకు తెచ్చివ్వండి, బదులుగా తిండి ఇస్తాం’ అని నచ్చజెప్పారు. అలా ఒక్కొక్కటిగా చిరుతలు, ఎలుగుబంట్లు, జింకలు, ముళ్లపందులు, మొసళ్లు, పాములు వచ్చి చేరాయి.

బోన్లు లేని రోజులు

మొదట్లో ఇదంతా ఇంటి వాకిట్లోనే. ఆమ్టే పిల్లలు, అడవి పిల్లలు కలిసే పెరిగారు. నేగల్ అనే చిరుత మీద విలాస్ మనోహర్ మరాఠీలో ఏకంగా ఓ పుస్తకమే రాశారు. 2008లో ప్రకాశ్, మందాకిని దంపతులకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2014లో నానా పటేకర్ హీరోగా ప్రకాశ్ జీవితం సినిమాగా కూడా వచ్చింది. ఇప్పుడు కొడుకులు దిగంత్, అనికేత్ కుటుంబాలు కూడా బాధ్యతలు చూసుకుంటున్నాయి.

మరి ఇప్పుడు ఎందుకు ముట్టుకోకూడదు?

ప్రస్తుతం జంతువులు ఎన్‌క్లోజర్లలో ఉంటాయి. బయటి నుంచే చూడాలి. దీనికి కారణాలున్నాయి.

మొదటిది చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం జూ నడపాలంటే సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు ఉండాలి. రెస్క్యూ సెంటర్లు కూడా ఈ పరిధిలోకే వస్తాయి. సెక్షన్ 38జె ప్రకారం జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం, అరిచి గోల చేయడం నేరం.

రెండోది జంతువు స్వభావం. సీసాపాలతో పెరిగిన చిరుతకు మనిషంటే భయం ఉండదు. వేటాడటం నేర్పే తల్లి లేదు. మళ్లీ అడవిలో వదిలితే బతకడం కష్టం. తిండి కోసం నేరుగా ఊళ్లోకే రావొచ్చు. అలాగని అది పెంపుడు కుక్కలా మారిపోదు. అది నమ్మేది రోజూ పాలు పట్టిన చేతిని, తెలిసిన వాసనను. అలాంటి చోట కొత్త మనిషి సెల్ఫీ కోసం చెయ్యి చాపితే ఏమైనా జరగొచ్చు.

వెళ్లాలంటే?

తెలంగాణ నుంచి కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. అక్కడి నుంచి ఆలపల్లికి సుమారు 100 కి.మీ., ఆలపల్లి నుంచి హేమల్‌కసాకు మరో 60 కి.మీ. దాకా ఉంటుంది. వానాకాలంలో వాగులు, నదులు పొంగితే దారులు తెగిపోతాయి. చలికాలం బెటర్. మావోయిస్టు ప్రభావం చూసిన ప్రాంతం కాబట్టి, బయల్దేరే ముందు పరిస్థితి కనుక్కోవాలి. ఇది పిక్నిక్ స్పాట్ కాదు. పక్కనే ఆసుపత్రి, ఆదివాసీ పిల్లల స్కూలు నడుస్తుంటాయి. రోగులను, పిల్లలను అడక్కుండా వీడియో తీయకండి.

మన దగ్గరి ‘టచ్ అండ్ ఫీల్’ ఫామ్‌ల సంగతేంటి?

సిటీ శివార్లలో మకావ్‌ను భుజం మీద, ఇగ్వానాను చేతిలో పెట్టే ఫామ్‌లు పెరిగాయి. వీకెండ్‌కు పిల్లలను తీసుకెళ్తుంటే ఇవి చూసుకోండి.

* మకావ్ లాంటి విదేశీ జీవులను పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి.
* మన రామచిలుకను, నక్షత్ర తాబేలును పెంచడం చట్టవిరుద్ధం. అవి కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి.
* జంతువు పక్కకు వెళ్లి దాక్కునే చోటు ఉందా? లేకపోతే అది రోజంతా మనుషుల చేతుల్లోనే నలిగిపోతున్నట్టే.
* తాబేళ్లు, బల్లి జాతి జీవుల నుంచి సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకవచ్చు. ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగాకే ఏదైనా తినిపించండి.
* కోతి, కుక్క, పిల్లి లాంటివి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ టీకా కోసం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం పెట్టొద్దు.

హేమల్‌కసాలో జంతువులు ఆ కుటుంబం దగ్గరికి వచ్చింది తల్లిని పోగొట్టుకుని. మీరు వెళ్లే ఫామ్‌లోని పక్షి, జంతువు అక్కడికి ఎలా వచ్చాయో ఓసారి అడగండి. నిర్వాహకులు సూటిగా చెప్పలేకపోతే, టికెట్ కొనేముందు ఆలోచించండి.