అంగడిలోని విల్లు

విలువిద్య యనగానే పురాణవీరులు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని కృష్ణాతీరమున నేడది బడిపిల్లల విద్యయైనది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ నగరము వాడే యగు బొమ్మదేవర ధీరజ్, 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకిత భకత్‌తో కలసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానమును పొందెను. ఇట్టి వార్తలు విన్న పిల్లలు గుడివాడలో నేమి, బందరులో నేమి, దివిసీమలో నేమి, తమకును ఒక విల్లు కావలెనని తండ్రులను అడుగకుందురా?

అవనిగడ్డనుండి ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని, విండ్లు అమ్మెడి అంగడికి వచ్చెననుకొందము. బల్లకు ఆవల నిలిచి వారికి సామాను చూపించు కుర్రవాని క్షేమమును గూర్చి ఇచ్చట ముచ్చటింతును. బల్లకు ఈవల నిలుచు మనకును ఇందు పని కలదు. ఏలనగా అతనికి కలుగు ప్రమాదము సాధారణముగా మన చేతినుండియే కలుగును.

అంగడిలో అపాయమనగా అందరును బాణమునే తలతురు. బాణములన్నిటిని పెట్టెలో నుంచి తాళము వేసినచో భయము తీరినదని యజమాని నిశ్చింతగా కూర్చుండును. నిజమునకు సగము భయమే తీరినది. తక్కిన సగము అప్పుడే పుట్టినది.

విల్లు బాణమును పంపుటకై చేయబడిన సాధనము. నారిని వెనుకకు లాగునప్పుడు మన భుజబలము వింటి బద్దలలో నిలువయగును. నారిని విడిచినంతనే ఆ శక్తిలో అధికభాగమును బాణము తీసికొని పోవును. బాణము లేనిచో దానిని తీసికొనిపోవువారు లేరు. శక్తి యంతయు బద్దలమీదను, నారిమీదను విరుచుకొని పడును. 60 పౌనుల కాంపౌండు వింటిలో నిలువయుండు శక్తి సుమారు 100 జౌళ్లు. అనగా 10 కిలోల బియ్యపు మూటను ఒక మీటరు ఎత్తునకు లేపుటకు చాలినంత. అది సెకనులో ఏబదియవ వంతైనను లేని కాలములో విడుదలయగును. నారి తెగి చెంపను కోయవచ్చును. బద్ద పగిలి దాని పెచ్చు ప్రక్కనున్నవాని కంటిలో దిగవచ్చును. ఒక్కొక్కప్పుడు విల్లు చెక్కుచెదరనట్లే కనబడి, లోపల సన్నని చీలికతో గోడకు తిరిగి చేరి, మరునాడు మరియొకరి చేతిలో పగులును. శ్రీరాముడు శివధనుస్సును లాగినప్పుడు దానిపై బాణము లేదు, అది విరిగినది. జనకమహారాజు సంతోషించెను గాని, అంగడి యజమాని యెవ్వడును అట్టి బేరమును కోరడు.

కాంపౌండు విల్లు మరింత మోసకారి. అమెరికాలో హోలెస్ విల్బర్ అలెన్ అను నాతడు రూపొందించి, 1969లో పేటెంటు పొందిన విల్లిది. దీని కొనలయందు చక్రములుండును. నారిని లాగునప్పుడు దారిలో 60 పౌనుల బరువు తగులును; చివరకు వచ్చుసరికి చక్రములు తిరిగి, చేతిపై 15 పౌనులే మిగులును. లాగినవాడు 'ఓస్, ఇంతేనా!' యని నవ్వి, కొడుకునకు చూపుటకై ప్రక్కకు తిరుగును. చేయి కొంచెము ముందుకు జరిగినంతనే 60 పౌనులును మరల మీద పడును. నారి వ్రేళ్లనుండి జారిపోవును. ఆ క్షణమున కుర్రవాడు ముందుకు దూకి వింటిని పట్టుకొనబోరాదు. లాగినవాని వీపు వైపున, భుజమునకు సమముగా నిలిచి, "బాబుగారూ, నారి వదలకండి. అటే చూస్తూ, గట్టిగా పట్టుకొని, నెమ్మదిగా ముందుకు రానివ్వండి" అని మెల్లగా చెప్పవలెను. కేక వేసినచో బెదరి నిజముగనే వదలును.

ఇక మర్యాద మాట. మన అంగళ్లలో బేరమునకు వచ్చినవారిని 'వద్దు' అనుట అలవాటు లేదు. చీరల అంగడిలో ఎన్ని మడతలు విప్పించినను నష్టమేమియు లేదు. బందరు రోల్డుగోల్డు నగను మెడలో పెట్టుకొని అద్దములో చూచుకొనవచ్చును. విల్లట్టిది కాదు. అయినను పెద్దమనిషి చేయి చాచినప్పుడు పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఎట్లు కాదనగలడు? యజమాని ముఖము వంక చూచి, ఇచ్చివేయును. కావున ఆ 'వద్దు' కుర్రవాని నోట కాక, అంగడి అమరికలోనే యుండుట మేలని నా అభిప్రాయము.

రికర్వు విండ్లను బద్దలు ఊడదీసియే గాజుబీరువాలో చూపవచ్చును. కాంపౌండు వింటి నారిని లాగు మీటను సొరుగులో దాచినచో, ఉత్తచేతితో లాగుట తేలిక కాదు. కొలతకు అమ్మకపు విల్లు అక్కరలేదు. బార చాచినప్పటి కొలతను రెండున్నరతో భాగించినచో లాగవలసిన పొడవు ఉజ్జాయింపుగా తెలియును. 170 సెంటీమీటర్ల బారకు 68 సెంటీమీటర్లు. సరిచూచుటకు 10, 15 పౌనుల తేలిక విల్లును, గీతలు గీసిన పొడవైన కొలతబాణమును చాలును. లాగుట ఎల్లప్పుడును అంగడి వెనుకగోడ వైపునకే, దళసరి లక్ష్యపు దిమ్మకు ఎదురుగా జరుగవలెను. ఆ ప్రక్క గోదాము ద్వారమున్నచో గడియ వేయవలెను. వీథివైపు గురిపెట్టుట కూడదని వేరుగ చెప్పనేల?

తండ్రి బాణములను కొడుకునకును, కొడుకు బాణములను తండ్రికిని ఈయరాదు. పొట్టి బాణము వెనుకకు లాగినప్పుడు తన ఆధారమునుండి జారి, వింటిని పట్టిన చేతిలోనికే దూసికొని పోవును. కార్బను బాణమును ముఖమునకు దూరముగా పట్టి, కొద్దిగా వంచి చూడవలెను. చిటచిట వినబడినచో అది పనికిరాదు. రికర్వు వింటికి నారి తగిలించునప్పుడు కాలితో తొక్కిపెట్టుట కంటె, అందులకై అమ్మెడి స్ట్రింగరు త్రాటిని వాడుట క్షేమము. దిమ్మనుండి బాణమును పెరుకువాని వెనుక నెవ్వరును నిలువరాదు. బాణపు వెనుకకొన సరిగా కంటి యెత్తునకే వచ్చును. కుర్రవాడు సాయము చేయబోయి నిలుచునది సాధారణముగా అచ్చటనే.

మరమ్మతునకు వచ్చిన వింటితో మరియొక చిక్కు గలదు. మే నెల యెండలో తలుపులు మూసిన కారులో నుంచిన వింటి బద్దల అతుకులు విడవచ్చును. బందరు ఉప్పుగాలికి ఇనుపమరలు త్రుప్పు పట్టవచ్చును. ఇవి యజమానులు దాచరు. దాచునది వేరొకటి. అందుచేత వింటిని చేతికి తీసికొనుటకు ముందే, "బాణం లేకుండా ఎప్పుడైనా వదిలారాండీ?" అని అడుగుట మంచిది. లేదన్నను, చిన్న దూదియుండను బద్దల అంచుల వెంట మెల్లగా రాచి చూడవలెను. దూదిపోగు చిక్కుకొన్నచోట చీలిక యున్నదని అనుమానింపవలెను. అట్టి వింటిని తయారీదారు చెప్పిన మరమ్మతు జరుగువరకు ఎవ్వరును లాగి చూడరాదు.