ఊపిరితిత్తుల కాన్సర్‌కు ఇంట్లోనే మాత్ర: పక్కన గ్యాస్ బిళ్ళ ఉంటే ప్రమాదం

ఊపిరితిత్తుల కాన్సర్ అనగానే సెలైన్ సీసాలు, జుట్టు రాలిపోవడం, నెలల తరబడి పట్నంలో ఆసుపత్రి వాసం గుర్తుకు వస్తాయి. అయితే ఆ రోగులలో కొందరు ఇప్పుడు ఒక మాత్రల డబ్బా సంచిలో వేసుకుని, బస్సెక్కి ఊరికి తిరిగి వస్తున్నారు. రోజుకు ఒక మాత్ర, మంచినీళ్ళతో మింగడమే వైద్యం. చూడడానికి జ్వరం బిళ్ళకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. చిక్కంతా అక్కడే వస్తున్నది. సెలైనులో ఎక్కించే మందయితే నర్సు కనిపెట్టి ఉంటుంది, డాక్టరుగారు పిలిస్తే పలుకుతారు. ఈ మాత్ర విషయంలో ఆ ఇద్దరి పనీ ఇంట్లో కొడుకో, కోడలో, భార్యో చేయవలసి వస్తున్నది.

జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ అనేవి ఈ మాత్రలలో ఎక్కువగా వినిపించే పేర్లు. మన శరీరంలోని కణాల మీద ఇ.జి.ఎఫ్.ఆర్. అనే ఒక ప్రోటీను ఉంటుంది. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే కరెంటు స్విచ్చి వంటిది అది. కొందరి కాన్సర్ కణాలలో జన్యువు మారిపోయి ఆ స్విచ్చి వేసినది వేసినట్లే బిగుసుకుపోతుంది. ఇక కణం పెరుగుతూనే ఉంటుంది. ఈ మాత్ర పోయి ఆ స్విచ్చినే పట్టుకుంటుంది. మారిన జన్యువు ఉన్నవారికే ఈ మందు బాగా పనిచేస్తున్నదన్న సంగతిని 2004లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు బయటపెట్టారు. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల కాన్సర్ వచ్చినవారిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈ మార్పు కనిపిస్తున్నది. బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టనివారు, ఆడవారు వీరిలో ఎక్కువ. ముక్క పరీక్షలో గానీ, కొన్ని సందర్భాలలో రక్త పరీక్షలో గానీ ఇది తెలుస్తుంది.

ఆ పరీక్ష కాగితం లేకుండా మాత్ర వేసుకోవడం శుద్ధ దండుగ మాత్రమే కాదు, హాని కూడా. హాంకాంగ్ వైద్యుడు టోనీ మాక్ బృందం ఆసియా దేశాలలో 1,217 మంది రోగుల మీద జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. జన్యు మార్పు ఉన్నవారికి సెలైను మందుకన్నా జెఫిటినిబ్ మెరుగ్గా పనిచేసింది. మార్పు లేనివారిలో ఫలితం తలకిందులయింది. మాత్ర వేసుకున్నవారిలోనే జబ్బు త్వరగా ముదిరింది. పక్క వీధిలో ఒకాయన పోయాక మిగిలిన డబ్బాను, ఖరీదైన మందు పారేయడమెందుకని మరొకరికి ఇవ్వడం మంచి మనసుతో చేసే పనే అయినా, తీసుకున్నవారికి ఉన్న ఆ కాస్త వ్యవధి కూడా పోతుంది.

పొట్టలో పులుపు ఉంటేనే

ఇక అసలు విషయం. మన పల్లెల్లో ఏ మందుల చీటీ చూసినా పైన ఒక గ్యాస్ మాత్ర ఉంటుంది. పరగడుపున ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వేసుకోవడం కాఫీ తాగినంత అలవాటయిపోయింది. చీటీ లేకున్నా దుకాణంలో ఇస్తారు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు కరగాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే అణచివేస్తుంది. కాన్సర్ మాత్ర పొట్టలోకి పోతుంది గానీ రక్తంలోకి చేరవలసినంత చేరదు. రోగికి ఏ బాధా తెలియదు. పైగా దుష్ఫలితాలు తక్కువగా ఉన్నాయని సంతోషిస్తాడు కూడా. మూడు నెలల తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ పెరిగి కనిపిస్తే, మందు పనిచేయలేదని అనుకుంటారు.

అందుచేత ఈ రెండు మందులు వాడుతున్నవారు ఒమెప్రజోల్ జాతి మాత్రలకు వీలయినంతవరకు దూరంగా ఉండాలి. జెఫిటినిబ్ వేసుకునేవారికి అవి తప్పనిసరి అయితే రెండింటికీ మధ్య 12 గంటల ఎడం ఉండాలి. రానిటిడిన్, ఫామోటిడిన్ వంటివి, గులాబీరంగు గ్యాస్ మందు నీళ్ళు అయితే 6 గంటల ఎడం. ఎర్లోటినిబ్‌కు లెక్క వేరు, డాక్టరునే అడగాలి. ఒసిమెర్టినిబ్‌కు మాత్రం గ్యాస్ మాత్రతో ఈ బెడద లేదు. డబ్బా మీద ఏ పేరు ఉన్నదో చూసుకోవడం అందుకే ముఖ్యం. ఒకే మందు పలు కంపెనీ పేర్లతో వస్తుంది. జెఫిటినిబ్‌నే విదేశీ కంపెనీ ఇరెస్సా అంటే, హైదరాబాదుకు చెందిన నాట్కో జెఫ్టినాట్ అంటుంది. రెండు పేర్లు చూసి రెండు మందులనుకుని రెండూ మింగితే మోతాదు రెట్టింపవుతుంది.

గ్యాస్ మాత్రకన్నా గట్టి శత్రువు క్షయ మందు. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే ముందు క్షయ అనుకుని మందులు మొదలుపెట్టడం, తర్వాత కాన్సర్ అని తేలడం మన దేశంలో కొత్త కాదు. ఆ మందులలోని రిఫాంపిసిన్ కాలేయాన్ని తొందరపెట్టి జెఫిటినిబ్‌ను విరిచేస్తుంది. రక్తంలో మందు ఐదో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. ఒసిమెర్టినిబ్ కూడా నాలుగో వంతుకన్నా తక్కువకు దిగుతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్‌లదీ ఇదే వరస. అలాగని వాటిని రోగి తనంతట తాను మానరాదు. క్షయ నిజంగా ఉంటే దానికీ వైద్యం కావాలి, ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు. రెండు చోట్ల చూపించుకునేవారు రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకూ చూపిస్తే వారే సర్దుబాటు చేస్తారు. రక్తం పలచబడేందుకు వార్‌ఫరిన్ వాడేవారు ఆ సంగతి కూడా చెప్పాలి. బీడీ తాగేవారి రక్తంలో ఎర్లోటినిబ్ తగ్గిపోతుంది కనుక ఆ మందుకు బీడీ పనికిరాదు.

పథ్యం సంగతి చాలామంది అడుగుతారు. జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ తిండితో సంబంధం లేకుండా వేసుకోవచ్చు. ఎర్లోటినిబ్ మాత్రం తినడానికి గంట ముందు గానీ, తిన్న రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. గుడ్డు, పెరుగు, వంకాయ మానవలసిన పనిలేదు. డబ్బాలోని కాగితం మీద ‘గ్రేప్‌ఫ్రూట్’ వద్దని ఉంటే ద్రాక్ష మానేసినవారున్నారు. అది ద్రాక్ష కాదు, పంపరపనస జాతి పండు. పసరు మందు, చూర్ణాలు మాత్రం డాక్టరుకు చెప్పకుండా కలపరాదు. పథ్యం మీద మనవాళ్ళకున్న శ్రద్ధలో సగం మాత్ర వేళ మీద ఉంటే ఎంతో మేలు.

వేళ అంటే ఏదో ఒకటి, కానీ రోజూ అదే. గోడ మీది కాలెండరులో మాత్ర వేసిన రోజున గీత పెట్టుకుంటే మరపు రాదు. జెఫిటినిబ్ ఒకపూట మరచిపోతే, మరుసటి మాత్రకు ఇంకా 12 గంటలకు పైగా ఉంటేనే వేసుకోవాలి, లేకపోతే వదిలేయాలి. నిన్నటిది, నేటిది కలిపి వేసుకోరాదు. మింగలేనివారికి జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ మాత్రలను నూరకుండా కొంచెం మామూలు నీళ్ళలో వేసి కలియబెట్టి, వెంటనే తాగించి, గ్లాసు తొలిచిన నీళ్ళు కూడా పట్టవచ్చు. సోడాలో, పాలలో వేయరాదు. గర్భిణులు ఆ పని చేయకుండా ఉండడం మంచిది. మందు వాడుతున్న స్త్రీకి గర్భం రాకూడదు, బిడ్డకు పాలివ్వకూడదు.

మొటిమలు కావు

మందు మొదలుపెట్టిన మొదటి వారాలలో ముఖం మీద, ఛాతీ మీద మొటిమల వంటి పొక్కులు లేస్తాయి. ఆటలమ్మ అని కొందరు, వేడి చేసిందని కొందరు అనుకుంటారు. ఎంతోమంది మాత్ర మానేసేది ఇక్కడే. ఇది మందు గుణం. మొటిమల క్రీములు, దుకాణంలో ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు రాస్తే చర్మం మరింత చెడుతుంది. ఘాటు సబ్బు మానడం, వాసనలేని క్రీము రోజుకు రెండుసార్లు రాయడం, ఎండలో తలగుడ్డ, నిండు చేతుల చొక్కా వాడడం చాలావరకు సరిపోతాయి. ముదిరితే డాక్టరు తగిన మందు ఇస్తారు, అవసరమైతే కాన్సర్ మాత్రను కొద్దిరోజులు ఆపిస్తారు. ఆపమని ఆయన చెప్పాలి, పక్కింటివారు కాదు.

నెల, రెండు నెలలు గడిచాక కాలి బొటనవేలికి గోరుచుట్టు రావచ్చు. మన ఊళ్ళలో వేలికి నిమ్మకాయ తొడుగుతారు. పగిలిన చర్మానికి ఆ పులుపు మంటే తప్ప మేలు చేయదు. గోళ్ళు లోపలికంటా కోయకుండా, వదులు చెప్పులు వేసుకుని, నాట్ల రోజులలో బురదలోకి దిగకుండా ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు వెంటనే మొదలుపెట్టి, మామూలుకన్నా రోజుకు నాలుగుసార్లు మించితే ఆసుపత్రికి ఫోను చేయాలి. కళ్ళు పచ్చబడినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా ఆలస్యం చేయరాదు. కాలేయానికి రక్తపరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు చేయించాలి. ఒసిమెర్టినిబ్‌కు గుండె పరీక్షలు కూడా అడుగుతారు.

ఆయాసం వస్తే

పొక్కులకు మాత్ర మానరాదు. ఆయాసానికి మాత్రం మరుసటి మాత్ర వేయకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఈ మందువల్ల ఊపిరితిత్తులే వాచిపోయే ప్రమాదం ఒకటున్నది. జెఫిటినిబ్‌తో నూటికి సుమారు ఒకరికి వస్తుంది. ప్రపంచంలో మొదటగా 2002 జూలైలో ఈ మందుకు అనుమతి ఇచ్చిన జపాన్‌లో మరణాలు సంభవించడంతో, అదే సంవత్సరం అక్టోబరులో అత్యవసర హెచ్చరిక జారీచేయవలసి వచ్చింది. కొత్తగా ఆయాసం, పొడి దగ్గు, జ్వరం కలిసి వస్తే అది జలుబని ఊళ్ళో రెండు ఇంజెక్షన్లతో సరిపెట్టుకోరాదు. మాటాడుతుంటే ఎగశ్వాస వస్తున్నదంటే 108కి ఫోను చేసి, మాత్రల డబ్బా వెంట తీసుకుపోవాలి. చూసే డాక్టరు కొత్తవారయినా డబ్బా చూస్తే విషయం అర్థమవుతుంది.

జబ్బు ముదిరాక మొదలుపెట్టినప్పుడు ఈ మాత్ర కాన్సర్‌ను అణచి ఉంచుతుంది గానీ వేళ్ళతో పెకలించదు. దగ్గు తగ్గి, పొలానికి పోగలుగుతున్నామని మాత్ర ఆపితే గడ్డ మళ్ళీ తల ఎత్తుతుంది. జెఫిటినిబ్‌తో చాలామందికి సుమారు పది నెలల తర్వాత పట్టు సడలుతుంది. కొందరికి ఏళ్ళు నడుస్తుంది. సడలినప్పుడు మళ్ళీ పరీక్ష చేసి, వీలున్నవారికి ఒసిమెర్టినిబ్‌కు మారుస్తారు. దాని ఖరీదు ఎక్కువ. 2024 జూలై కేంద్ర బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు. తమ కార్డు మీద ఏ మందు వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవచ్చు. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికో పోయి మందు తెచ్చుకునేవారు డబ్బాలో పది మాత్రలు ఉండగానే బయలుదేరడం మంచిది. సంక్రాంతి ముందు బస్సులలో చోటు దొరకదు.