ఇంజిన్ కింద, మూట పైన

స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రంలో జెండావందనం అయ్యాక జనం వెంటనే ఇళ్ళకు మళ్ళరు. మైదానం పక్కన వేసిన బల్లల చుట్టూ చేరతారు. తెలంగాణ స్టేట్ ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ ప్రదర్శన అది. బడిపిల్లలు, ఐటీఐ కుర్రాళ్ళు, రైతులు తాము చేసిన వస్తువులు తెచ్చి పెడతారు. ఇలాంటి ప్రదర్శనల్లో తరచూ కనిపించేది మోటారు బిగించిన సైకిల్. వెనక చక్రం ఇరుసు దగ్గర గుండ్రటి మోటారు, క్యారియర్ మీద ప్లైవుడ్ పెట్టె, అందులో బ్యాటరీలు, హ్యాండిల్‌కు ఏదో బ్యాటరీ స్కూటీ నుంచి పీకి తెచ్చిన ఆక్సిలరేటర్, అతుకులన్నిటికీ నల్ల టేపు. కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి దాని స్పీడు గురించి పెద్దగా పట్టించుకోడు. ఒకసారి చుట్టూ తిరిగి చూసి, “సంచి ఏస్తె గుంజుతదా?” అంటాడు.

నూట నలభయ్యేళ్ళ నుంచి ఈ యంత్రాన్ని అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది ఇంజనీర్లకు అది ఆలస్యంగా తట్టింది.

ముందు తొక్కే మనిషి సంగతి. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి అలవకుండా చాలాసేపు ఇవ్వగలిగింది 75 నుంచి 100 వాట్లు. చదును రోడ్డు మీద ఒంటరిగా పోవడానికి అది చాలు. నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు మహబూబ్ ఘాట్ లాంటి దారి తగిలితే లెక్క మారుతుంది. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుందాం. నూరడుగులకు ఐదడుగులు లేచే చడావు మీద గంటకు 10 కిలోమీటర్ల చొప్పున ఎక్కాలంటే, గాలి సంగతి, టైరు రాపిడి సంగతి వదిలేసినా, కేవలం బరువును పైకి తీసుకుపోవడానికే 120 వాట్లకు పైగా కావాలి. వెనక ఒక యూరియా బస్తా, ఇప్పుడది 45 కిలోలే, కట్టి ఉంటే 185 వాట్ల దాకా పోతుంది. అంటే దిగి తొయ్యాల్సిందే. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. అందులో నాలుగోవంతు ఎవరైనా అరువిస్తే ఆ చడావు ఎక్కేయవచ్చు. మోటారు సైకిల్ కథంతా ఈ నాలుగోవంతు కోసం వెతుకులాటే.

జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ 1885లో చెక్క చట్రంలో 264 సీసీ ఇంజిన్ బిగించి రోడ్డెక్కించారు. దాని బలం అర హార్స్‌పవర్. అసలు వాళ్ళ ధ్యాస ఇంజిన్ మీదే, బండి దాన్ని పరీక్షించడానికి దొరికిన ఆసరా మాత్రమే. అమెరికాలో హార్లే, డేవిడ్‌సన్‌ల తొలి ప్రయత్నం 1903లో మిల్వాకీ ఎత్తులు ఎక్కలేక పెడల్ తొక్కించుకుంది. దాంతో వాళ్ళు ఇంజిన్ పెంచారు, చట్రం బరువెక్కించారు, చివరికి పెడల్ కూడా పీకేశారు. మోటార్ సైకిల్ అలా వేరు కాపురం పెట్టింది. సైకిల్‌గానే ఉంటూ కాస్త సాయం తీసుకునే బండి మాత్రం విరివిగా జనంలోకి రావడానికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

1946లో జపాన్‌లోని హమమత్సు పట్నం బాంబులకు చితికిపోయి ఉంది. రైళ్ళు కిటకిట, పెట్రోలుకు రేషన్. సోయిచిరో హోండాకు ఒకచోట సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు ఇవ్వడానికి వాడిన చిన్న జనరేటర్ ఇంజిన్లు కనబడ్డాయి. ఒకటి తెచ్చి సైకిల్‌కు బిగించాడు. పెట్రోల్ ట్యాంకు లేదు; చలికాలం పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ డబ్బానే ట్యాంకు చేశాడు. నడిపి చూడమని భార్య సాచికి ఇచ్చాడు. సుమారు 500 ఇంజిన్లు ఉన్నంతవరకు ఇలా సైకిళ్ళు చేసి అమ్మాడు. అవి అయిపోయాక సొంతంగా ఇంజిన్ గీశాడు. రేషన్ పెట్రోల్ చాలక పైన్ చెట్ల వేర్ల నుంచి తీసిన నూనె కూడా కలిపి పోసేవాడు. పాత ఇంజిన్‌తో మొదలైన ఆ పని ఏ స్థాయికి పోయిందో 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ బండి చెబుతుంది. 2017 నాటికి ఆ వంశం బళ్ళు 10 కోట్లు దాటాయి. పాత ఇంజిన్ దొరికితే దేనికో దానికి బిగించి చూసే గోదావరిఖని కుర్రాడికి హోండా దూరపు చుట్టం కాదు, సొంత పెద్దనాన్న.

హోండా సైకిల్‌కు ఇంజిన్ బిగించిన 1946లోనే ఫ్రాన్స్‌లో వెలోసోలెక్స్ వచ్చింది. ముందు చక్రం మీద ఇంజిన్, దానికో రోలర్; అది టైరును ఒరుసుకుంటూ తిప్పేది. తడి రోడ్డు మీద రోలర్ జారేది. మన జూలై బురదలో ఒక్క వారం కూడా నిలిచేది కాదు. 1949లో అక్కడే మోటోబెకాన్ కంపెనీ ‘మొబిలెట్’ తెచ్చింది. ఇంజిన్ కిందికి, పెడళ్ళ దగ్గరికి దిగింది. ఆ వంశంలోనిదే మన ‘సువేగ’. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అనే కంపెనీ ఆ ఫ్రెంచి వాళ్ళ సహకారంతో దాన్ని తయారుచేసింది. ఈ బండికి తెలుగునేల మీద ఒక కార్ఖానా ఉండేదన్న సంగతి ఇవాళ ఎంతమందికి గుర్తుందో!

1972లో పుణె నుంచి ఫిరోదియాల ‘లూనా’ వచ్చింది. అది ఇటలీ పియాజియో వాళ్ళ ‘చావ్’ అనే మోపెడ్‌కు మన రూపు. 1980లో తమిళనాడు హోసూరు నుంచి టీవీఎస్ 50 దిగింది. ఇద్దరు కూర్చునేలా చేసిన మోపెడ్ అని ప్రచారం చేశారు. ఇద్దరు ఎక్కే బండి అంటే మనవాళ్ళ అర్థంలో ఒకరు, ఒక మూట. ఆ మూట ఏమిటన్నది ఊరిని బట్టి మారింది.

ఈ బండి లోపలి తెలివి చూడాలంటే మెకానిక్ దగ్గర కూర్చోవాలి. పక్క మూత విప్పితే క్లచ్ కనిపిస్తుంది. ఒక గిన్నె లాంటి డ్రమ్, దాని లోపల స్ప్రింగులతో దగ్గరికి లాగి కట్టిన షూలు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు షూలు లోపలే ఉంటాయి, బండి కదలదు. ఆక్సిలరేటర్ తిప్పగానే వేగం పెరిగి షూలు బయటికి తన్నుకొస్తాయి, స్ప్రింగుల పట్టు ఓడిపోతుంది, షూలు డ్రమ్‌ను అదుముకుంటాయి, చక్రం తిరుగుతుంది. గేర్లు లేవు, క్లచ్ లివర్ లేదు. సైకిల్ తొక్కడం వచ్చిన ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోగలరు. డెబ్బైయేళ్ళ ముసలాయనా, బీడీ కంపెనీకి పోయే ఆడమనిషీ ఎవరినీ అడగకుండా బండి తీసింది ఈ షూల పుణ్యమే.

అప్పట్లో ఇంజిన్ టూ స్ట్రోక్. క్రాంక్ తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. వాల్వులు లేవు, పిస్టన్ పైకీ కిందికీ పోతూ సిలిండర్ గోడలోని కంతలను తెరుస్తుంది, మూస్తుంది. అంత తేలిక కాబట్టే చవక. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి, బంకులో టూటీ ఆయిల్ అడిగేవాళ్ళు. కొత్త మిశ్రమం లోపలికి వస్తూ కాలిన పొగను బయటికి నెడుతుంది. నెట్టే పనిలో తానూ కొంత బయటికి పోతుంది. అంటే కొన్న పెట్రోల్‌లో ఒక వంతు కాలకుండానే సైలెన్సర్ దాటేది. నీలం పొగ ఆయిల్ పుణ్యం. సైలెన్సర్‌లో కార్బన్ పేరుకుంటే బండి గుంజేది కాదు. దాన్ని విప్పి మంటలో కాల్చి, తట్టి దులిపి మళ్ళీ బిగించేవాళ్ళు. ప్లగ్ తీసి గరుకు కాగితంతో రుద్దడం బండి ఉన్న ప్రతివాడికీ వచ్చు.

ఇంత చెప్పినా, నా లెక్కలో దీని గొప్పతనం ఇంజిన్‌లో లేదు. ఇంజిన్ కిందికి దిగడంతో సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య మిగిలిన జాగాలో ఉంది. మోటార్ సైకిల్ మీద ఆ చోటును ట్యాంకు తినేసింది. స్కూటర్‌కు జాగా ఉన్నా చిన్న చక్రాలు, గుంతల్లో మూట వేసుకుని నడపడం కష్టం. మోపెడ్‌కు స్కూటర్ కన్నా పెద్ద చక్రాలు ఉన్నాయి, మధ్యలో మూట కూర్చునే చోటు ఉంది. బరువు రెండు చక్రాల మధ్యే కిందికి పడుతుంది కాబట్టి ముందు చక్రం తేలిపోదు, వెనక టైరు ఒక్కటే నలగదు. వెనక సీటు విప్పేసే వీలు తర్వాత టీవీఎస్ కంపెనీయే తన ఎక్సెల్ హెవీ డ్యూటీ మోపెడ్‌లో ఇచ్చింది. అప్పటికే ఊళ్ళో వెల్డింగ్ షాపులు ఆ పని చేస్తున్నాయి.

కరీంనగర్ పల్లెల్లో తెల్లవారుజామున చూడండి. గీత కార్మికుడి ఎక్సెల్‌కు హ్యాండిల్ పక్కన మోకు చుట్ట, వెనక ఇటూ అటూ కల్లు లొట్లు లేదా ప్లాస్టిక్ డబ్బాలు వేలాడదీయడానికి ఇనుప చట్రం. ఆ చట్రం ఏ షోరూంలోనూ దొరకదు. మానేరు చేపలు ఊళ్ళోకి వచ్చేదీ దీని మీదే. సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీ మీద మత్స్యకారులకు మోపెడ్లు ఇచ్చినప్పుడు దాన్ని తెలివైన ఎంపిక అనాలి. వ్యాన్ ఇస్తే డీజిల్ కోసం అప్పు చెయ్యాల్సి వచ్చేది.

అన్నిటికన్నా నాకు నచ్చేది పత్తి చేనులో పని. ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన పడ్డ నాలుగు రోజులకు కలుపు లేస్తుంది, సాళ్ళ మధ్య గుంటుక తోలాలి. ఎడ్లు తగ్గిపోయాయి, ఉన్నవాటి కిరాయి పెరిగింది. పాత మోపెడ్‌కు వెనక గుంటుక కట్టి నడిపే రైతులు తెలంగాణ అంతటా కనిపిస్తారు. వినడానికి సులువు, చేసేటప్పుడు క్లచ్ అడ్డం పడుతుంది. రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు పోయే బండిని చేనులో నడక వేగానికి, మూడు నాలుగు కిలోమీటర్లకు, తేవాలి. ఆక్సిలరేటర్ తగ్గిస్తే షూలు సగం పట్టి సగం జారతాయి, రాపిడికి మాడిపోతాయి. కాబట్టి ఇంజిన్ వేగంగానే తిరగాలి, చక్రం మాత్రం మెల్లగా తిరగాలి. దానికి దారి వెనక పెద్ద పళ్ళ చక్రం వేయడం, లేదా మధ్యలో ఇంకో ఇరుసు పెట్టి రెండు చైన్లతో వేగాన్ని రెండు మెట్లుగా దింపడం. వేగం ఎన్ని వంతులు తగ్గితే లాగే బలం దాదాపు అన్ని వంతులు పెరుగుతుంది. అప్పుడు గుంటుక దిగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: ఇంజిన్ రెక్కలు చల్లబడేది ఎదురుగాలికి, నడక వేగంలో ఎదురుగాలి ఎక్కడిది? సాలు చివర కాసేపు ఆపుకోక తప్పదు. బ్లాక్‌బోర్డు మీద టార్క్ పాఠం అర్థం కాని వాడికి చేను గట్టున పది నిమిషాల్లో అర్థమవుతుంది.

చేనులో సరే, రోడ్డెక్కితే చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. బ్యాటరీ సైకిల్‌కు మాత్రం ఒక సందు ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా షరతులకూ సరిపోతే కేంద్ర నియమాలు దాన్ని మోటారు వాహనంగా లెక్కించవు. ఆ 250 వాట్ల హద్దు మన చడావు లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

2015లో టీవీఎస్ ఎక్సెల్ 100 వచ్చింది. 99.7 సీసీ, ఫోర్ స్ట్రోక్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపే పని పోయింది, నీలం పొగ పోయింది, మైలేజీ పెరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలతో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గాలికి మంచిదే, కాదనను. స్క్రూడ్రైవర్ ఒకటి తిప్పి, చెవి పెట్టి విని ఇంజిన్ సరిచేసే మెకానిక్‌కు మాత్రం సగం పని పోయింది. సెన్సర్ ఏమంటుందో చదవడానికి వేరే పరికరం కావాలి.

ఇక ప్రదర్శనలోని ఆ బ్యాటరీ సైకిల్. 12 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలు మూడు కలిపితే అందులో దాగేది దాదాపు 430 వాట్-అవర్లు, అర యూనిట్ కూడా కాదు. బరువు పది కిలోల పైనే. ఒక లీటర్ పెట్రోల్‌లో 9 యూనిట్ల దాకా శక్తి ఉంటుంది. ఇంజిన్ దాంట్లో ఐదో వంతు చక్రానికి చేరవేసినా బ్యాటరీ వెనకబడే ఉంటుంది. లెడ్ బ్యాటరీని పూర్తిగా దించితే తొందరగా చస్తుంది కాబట్టి చేతికొచ్చేది ఇంకా తక్కువ. పైగా ఇరుసులోనే ఉన్న మోటారు మెల్లగా తిరిగేటప్పుడు కరెంటులో పెద్ద వాటాను వేడిగా మారుస్తుంది. ఘాట్ మీద అదే అవస్థ: బలం ఎక్కువ కావాలి, వేగం తక్కువ, తీగలు కాగుతాయి. లోపల గేర్లున్న హబ్ మోటారు ఇక్కడ మేలు. అన్నిటికన్నా పెద్ద తప్పు ప్లైవుడ్ పెట్టెది. సంచి కూర్చోవాల్సిన చోట అది కూర్చుంది. లిథియం బ్యాటరీ అదే శక్తికి మూడు కిలోల లోపు తూగుతుంది, ఫ్రేము త్రికోణంలో ఇముడుతుంది; ధరే ఇంకా కుర్రాళ్ళ చేతికి అందడం లేదు.

కంపెనీలు మాత్రం మూట పెట్టే జాగా విలువ గ్రహించినట్టున్నాయి. 2024 ఫిబ్రవరిలో కైనెటిక్ గ్రీన్ అనే కంపెనీ బ్యాటరీతో నడిచే ‘ఈ-లూనా’ తెచ్చింది. పాత లూనా ఆకారమే, హ్యాండిల్‌కూ సీటుకూ మధ్య చోటు అలాగే ఖాళీగా వదిలారు. వెనక సీటు విప్పుకోవచ్చు, 150 కిలోలు మోస్తుందని చెప్పారు. వేగం గంటకు 50 కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్సు తప్పవు. అందులో ప్లగ్ లేదు, సైలెన్సర్ లేదు, క్లచ్ షూలూ లేవు. మెకానిక్ చేతికి మిగిలింది బ్రేకులు, టైర్లు, బేరింగులు, వైరింగు. లొట్లు వేలాడదీసే చట్రాన్ని మాత్రం ఇప్పటికీ వెల్డింగ్ షాపులోనే చేయించుకోవాలి.