మెయింటెనెన్స్ కట్టినా ‘బకాయి’ చూపిస్తోందా? అపార్ట్‌మెంట్ యాప్‌లో ఈ సెట్టింగ్స్ ఒక్కసారి చూసుకోండి

విశాఖపట్నం: యూపీఐలో డబ్బులు పంపేశారు.. అకౌంట్లో కట్ కూడా అయ్యాయి. కానీ అపార్ట్‌మెంట్ యాప్‌లో మాత్రం బకాయి అలాగే ఉంది! అసోసియేషన్ మీటింగుల్లో ఇలాంటి గొడవలు కొత్తేం కాదు. చాలాసార్లు డబ్బు ఎక్కడికీ పోదు. అది ఏ ఫ్లాట్‌దో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.. అంతే.

ఎందుకిలా?

ఉదాహరణకు గాజువాకలో ఓ అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఒకే రోజు మూడు ఫ్లాట్ల నుంచి రూ.3,000 చొప్పున వచ్చాయి. అందులో ఒకరు తమ్ముడి ఫోన్ నుంచి పంపారు. పేరు చూసి ట్రెజరర్ ఎలా పోల్చుకుంటారు? పైగా నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్ ఉద్యోగులున్న ఊరు ఇది. బదిలీలు మామూలే.. అద్దెకున్నవాళ్లు మారుతూనే ఉంటారు. అందుకే నంబరు మనిషికి కాదు, ఫ్లాట్‌కి ఉండాలి.

ఫ్లాట్ కోడ్ మార్చొద్దు

బ్లాక్, ఫ్లాట్ నంబరు కలిపి ‘బి-304’ లాంటి కోడ్ పెట్టుకోవాలి. కొత్తవాళ్లు దిగితే పేరు, ఫోన్ నంబరు మాత్రమే మార్చాలి. ఆ ఫ్లాట్ రికార్డులోనే జీవీఎంసీ ఆస్తి పన్ను అసెస్‌మెంట్ నంబరు, ఈపీడీసీఎల్ కరెంటు సర్వీస్ నంబరు విడివిడిగా రాసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. డోర్ నంబరు, అసెస్‌మెంట్ నంబరు ఒకటి కాదన్నది గుర్తుంచుకోవాలి.

బిల్లు నంబరు ఎలా ఉండాలి?

‘ఎంఎన్/25-26/0412’.. అంటే మెయింటెనెన్స్, ఆర్థిక సంవత్సరం, వరుస సంఖ్య. మొదటి బిల్లు వేయకముందే ఈ పద్ధతి సెట్ చేయాలి. మధ్యలో మారిస్తే పాత చెల్లింపులతో లెక్క కుదరదు. తప్పు బిల్లు పడితే డిలీట్ చేయొద్దు. క్యాన్సిల్ అని చూపించి, ఆ నంబరు అలాగే ఉంచాలి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న అసోసియేషన్లకు ఇది నిబంధన కూడా. ఇన్‌వాయిస్ నంబరు 16 క్యారెక్టర్లు దాటకూడదు. అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ వాడొచ్చు. ఒకే ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్లీ రాకూడదు.

డబ్బు కట్టేటప్పుడు..

నోట్ దగ్గర ఫ్లాట్ కోడ్, బిల్లు నంబరు టైప్ చేయాలి. ఆ నోట్ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పూర్తిగా కనపడకపోవచ్చు. కాబట్టి యూపీఐ రిఫరెన్స్ నంబరును కూడా యాప్‌లో ఎంటర్ చేయాలి. అది 12 అంకెలు. నెఫ్ట్ చేస్తే యూటీఆర్ 16 క్యారెక్టర్లు, ఆర్‌టీజీఎస్‌కు 22. ఒక్క అంకె తప్పినా పోలిక దొరకదు. అందుకే చూసి టైప్ చేసే బదులు కాపీ చేసి పేస్ట్ చేయడం మేలు.

ప్రిఫరెన్సెస్‌లో ఏం మార్చుకోవాలి?

నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకున్నవాళ్లకు ప్రతి పార్సిల్‌కీ ఫోన్ మోగితే నరకమే. నిద్రపోయే సమయానికి గేట్ అలర్ట్‌లు సైలెంట్‌లో పెట్టి, అనుమతి ఇచ్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించొచ్చు. అగ్నిప్రమాదం, లిఫ్ట్ లాంటి అత్యవసర అలర్ట్‌లు మాత్రం ఆపొద్దు. మీ ఫోన్ నంబరు అందరికీ కనిపించాలా వద్దా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి. కమిటీ వైపు నుంచి.. లెక్కలు మార్చే హక్కు ఒకరిద్దరికే ఉండాలి. వాచ్‌మన్ లాగిన్‌లో విజిటర్ల ఎంట్రీ ఉంటే చాలు.

ఖాళీ చేసేముందు..

బదిలీ అయి ఇల్లు ఖాళీ చేస్తుంటే లాగిన్ తీసేయకముందే ఫ్లాట్ స్టేట్‌మెంట్, రసీదులు డౌన్‌లోడ్ చేసుకోండి. పాత బకాయి ఉందంటూ ఓనర్ అడ్వాన్స్‌లో కోత పెడితే, అప్పుడు చూపించాల్సింది ఆ 12 అంకెలే.